డిస్క్ చదవనంటోంది: ఇంటి సర్వర్‌లో రీడ్ ఎర్రర్ వస్తే ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఫొటో తెరిస్తే పైసగం బాగానే వస్తుంది, కిందిసగం బూడిదరంగులో ఆగిపోతుంది. సినిమా ప్రతిసారీ సరిగ్గా అదే సీన్ దగ్గర బిగుసుకుంటుంది. ఫైళ్లు కాపీ చేస్తుంటే తొంభై శాతం దాకా పరుగెత్తి అక్కడ కూర్చుంటుంది, క్యాబినెట్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. కాసేపటికి తెర మీద 'ఐ/ఓ ఎర్రర్' అని ఒక ముక్క. ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ రోజు తప్పదు.

అప్పుడు మనం చేసేది దాదాపు రెండింట్లో ఒకటి. రీస్టార్ట్ కొట్టి, మళ్లీ రాలేదు కదా అని వదిలేయడం. లేదా డిస్క్ పోయిందనుకుని అప్పటికప్పుడు కొత్తది ఆర్డర్ పెట్టేయడం. నేను రెండూ చేశాను. రెండోసారైతే కొత్తగా కొన్న 4 టీబీ డిస్క్ మీద కూడా వారం తిరక్కుండా అదే ఎర్రర్ వచ్చింది. తప్పు డిస్క్‌ది కాదు, దానికి తగిలించిన సాటా కేబుల్‌ది. అందుకే ఈ వ్యాసమంతా ఒక వరుస చుట్టూ తిరుగుతుంది: ముందు డేటాను కాపాడుకోవాలి, తర్వాత తప్పు ప్లాటర్‌దా (డిస్క్ లోపల డేటా ఉండే పళ్లెం), తీగదా అని తేల్చుకోవాలి, మరమ్మతు అన్నిటికన్నా చివర. ఈ వరుస తిరగబడితేనే ఎక్కువ నష్టం జరుగుతుంది.

నేను చెప్పేది లినక్స్ మీద నడిచే సర్వర్ల గురించి: డెబియన్, ఉబుంటు, ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ స్కేల్ లాంటివి. సినాలజీ లాంటి రెడీమేడ్ పెట్టెల్లోనూ లోపల ఉండేది లినక్సే కాబట్టి బటన్లు వేరైనా పద్ధతి అదే. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

1. ముందు రాతలు ఆపండి

రీడ్ ఎర్రర్ అంటే డిస్క్ మొత్తం పోయినట్టు కాదు. ఎక్కడో కొన్ని సెక్టార్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న చిన్న గళ్లు) చదవడానికి రాలేదు, అంతే. మిగతాదంతా ఈ క్షణానికి చదవగలిగేలానే ఉండొచ్చు. అది ఇంకెంతసేపు అలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ డిస్క్ మీద అనవసరంగా పడే ప్రతి పనీ ఆపేయండి. టోరెంట్లు, సీసీ కెమెరా రికార్డింగ్, ఫోన్ల నుంచి వచ్చి పడే ఫొటోలు, మీడియా సర్వర్ లైబ్రరీ స్కాన్, అన్నీ. రాత్రిపూట నడిచే బ్యాకప్ జాబ్‌ను కూడా ఆపండి. పాడైన ఫైలు వెళ్లి బ్యాకప్‌లో ఉన్న మంచి కాపీని తొక్కేసిందంటే ఇక చేసేదేమీ ఉండదు.

ఇప్పుడే చేయకూడనివి: ఎఫ్‌ఎస్‌సీకే నడపడం, డిస్క్‌ను విండోస్‌కు తగిలించి 'స్కాన్ అండ్ ఫిక్స్' నొక్కడం, రెయిడ్ (చాలా డిస్కులను ఒకటిగా కలిపి వాడే ఏర్పాటు) రిపేర్ మొదలుపెట్టడం. ఎఫ్‌ఎస్‌సీకే ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేసే పరికరం, డిస్క్‌ను బాగుచేసేది కాదు. చదవలేని చోట ఉన్న డైరెక్టరీని పాడైందనుకుని కత్తిరించి పారేస్తుంది. మంచి ఉద్దేశంతోనే.

డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మన ఉక్కపోతలో చల్లటి వస్తువు బయటికి తీస్తే ఏమవుతుందో మంచినీళ్ల సీసాను చూస్తే తెలుస్తుంది. ఆ చెమ్మ హార్డ్‌డిస్క్ మీద పట్టాలా?

ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే కరెంటు తీసేయాలి. డిస్క్ గడియారంలా లయగా క్లిక్ క్లిక్‌మంటూ, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడుతుంటే హెడ్ (డేటా చదివే భాగం) పోయిందని లెక్క. అందులో ఇంకెక్కడా లేని డేటా ఉంటే మీరేమీ చేయకండి, మూత అసలు విప్పకండి. శుభ్రమైన గది, విడి హెడ్లు ఉన్న డేటా రికవరీ వాళ్ల పని అది. మనం ఇంట్లో చేసే ప్రతి ప్రయత్నం వాళ్లకు మిగిలేదాన్ని తగ్గిస్తుంది.

చప్పుడు లేకపోతే రీస్టార్ట్ చేసే ముందు లాగ్ దాచుకోండి. డీమెసేజ్ (కొట్టాల్సింది dmesg) కమాండ్ ఇచ్చే లాగ్, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టా, మెమరీలో ఉంటుంది, రీస్టార్ట్‌తో పోతుంది. దాన్ని ఒక ఫైలులోకి మళ్లించి పెన్‌డ్రైవ్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో తెచ్చుకోండి. ఎర్రర్ వచ్చిన డిస్క్ మీదే దాచకండి. నవ్వకండి, చేసినవాళ్లున్నారు.

2. ఏ డిస్క్? పేరుతో కాదు, సీరియల్ నంబర్‌తో

లాగ్‌లో 'ఎస్‌డీబీ' అని కనిపిస్తుంది. ఆ పేరు శాశ్వతం కాదు. కెర్నెల్‌కు (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే భాగానికి) ఏ డిస్క్ ముందు దొరికితే దానికి ముందు అక్షరం, అంతే. రీస్టార్ట్ చేస్తే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయిపోవచ్చు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నాలుగు డిస్కుల రెయిడ్ 5లో (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే రకం) ఎర్రర్లు ఇస్తున్నది ఎస్‌డీబీ అని చూసుకున్నాను, మెషీన్ ఆపాను, కేబుళ్లు దులిపాను, మళ్లీ ఆన్ చేశాను. తర్వాత 'ఎస్‌డీబీ' అనుకుని ఒకటి లాగాను. లాగింది మంచి డిస్క్‌ను. ఉన్న ఒక్క అదనపు రక్షణా పోయి, పాడవుతున్న డిస్క్ మీదే మొత్తం అర్రే (రెయిడ్ డిస్కుల గుంపు) వేలాడుతూ ఉంది. బిట్‌మ్యాప్ (ఎక్కడెక్కడ మార్పులు పడ్డాయో గుర్తుంచుకునే పట్టిక) ఆన్‌లో ఉండబట్టి ఆ డిస్క్‌ను తిరిగి కలపడం నిమిషాల్లో అయిపోయింది. లేకపోతే రాత్రంతా రీబిల్డ్ (మిగతా డిస్కులు చదివి డేటాను మళ్లీ కట్టడం) నడిచేది, ఎర్రర్లు ఇచ్చే డిస్క్‌ను మొదటినుంచి చివరిదాకా చదువుతూ.

కాబట్టి ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు పేరు, మోడల్, సీరియల్ కాలమ్‌లు అడిగి చూడండి, లేదా డెవ్ కింద డిస్క్, బై-ఐడీ ఫోల్డర్లోకి వెళ్లండి. దొరికిన సీరియల్‌ను డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిపోల్చండి. స్టిక్కర్ సాధారణంగా పక్క డిస్క్ అడ్డొచ్చి కనిపించని వైపే ఉంటుంది. అందుకే సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలను కాగితం మీద రాసి డిస్క్ వెనక అంచున, కేబుల్ పక్కన అంటించాను. పావుగంట పని.

3. లాగ్ చదవడం: ప్లాటరా, తీగా?

కెర్నెల్ లాగ్ చూడగానే టెన్షన్ వస్తుంది, హెక్సాడెసిమల్ అంకెల గుంపు. అందులో మనకు కావలసింది రెండే మాటలు.

మొదటిది 'యూఎన్‌సీ'. అన్‌కరెక్టబుల్ అని. డిస్క్ ఆ సెక్టార్ చదవబోయింది, తన లోపలి సవరణ కోడ్‌తో సరిచేయబోయింది, చేతకాక చేతులెత్తేసింది. తప్పు అయస్కాంత పూత మీదనో, హెడ్‌లోనో ఉంది. అంటే డిస్క్‌దే. దీనికింద సాధారణంగా ఒక సెక్టార్ నంబర్ కూడా ఉంటుంది. అదే నంబర్, దాని చుట్టుపక్కల నంబర్లు పదేపదే వస్తుంటే ఇక అనుమానం లేదు.

రెండోది 'ఐసీఆర్‌సీ', దాని పక్కనే చాలాసార్లు 'ఏబీఆర్‌టీ', ఎస్ఎర్రర్ వరుసలో 'బ్యాడ్‌సీఆర్‌సీ'. దీనర్థం వేరు. డిస్క్ డేటాను చదివి పంపింది, దారిలో అది చెడింది. అంటే కేబుల్, కనెక్టర్, పోర్ట్, కంట్రోలర్, ఈ వరుసలో అనుమానించండి. ఇలాంటప్పుడు సెక్టార్ నంబర్లకు పొంతన ఉండదు, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. దీంతోపాటు 'హార్డ్ రీసెట్టింగ్ లింక్', 'లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 3.0' అని కూడా రావచ్చు. 6 గిగాబిట్ల దారి సరిగా లేదని కెర్నెలే వేగం సగానికి తగ్గించుకుంటోందన్నమాట.

రెండు మాటలూ లేకుండా ఉత్త 'టైమౌట్', 'ఫ్రోజెన్' వస్తే తేల్చడం కష్టం. డిస్క్ లోపల పదేపదే ప్రయత్నిస్తూ జవాబివ్వకపోయినా అదే వస్తుంది, కరెంటు వోల్టేజ్ పడిపోయి డిస్క్ ఒక్క క్షణం ఆగినా అదే వస్తుంది. అప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఒకే నిమిషంలో రెండు మూడు డిస్కులు ఒకేసారి ఫిర్యాదు చేశాయా? చేసి ఉంటే డిస్కులన్నీ కూడబలుక్కుని చావవు. ఎస్ఎంపీఎస్‌ను గానీ, అవన్నీ తగిలి ఉన్న కార్డును గానీ పట్టుకోండి.

4. స్మార్ట్ అంకెలు: చూడాల్సినవి నాలుగైదే

స్మార్ట్ అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు. స్మార్ట్‌మాన్‌టూల్స్ (smartmontools) ప్యాకేజీ వేసుకుని 'స్మార్ట్‌సీటీఎల్ -ఎక్స్' అని కొట్టి డిస్క్ పేరివ్వండి. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్క్ అయితే '-డి శాట్' కూడా కలపాల్సి రావచ్చు.

పైన పెద్దగా 'పాస్డ్' అని కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. తయారీదారు పెట్టుకున్న చివరి గీత దాటితే తప్ప అది 'ఫెయిల్డ్' అనదు. వందల సెక్టార్లు పోగొట్టుకుని కూడా 'పాస్డ్' చూపించే డిస్కులుంటాయి. కింద పట్టికలో రా వాల్యూ కాలమ్ చూడండి:

- 5, రీఅలొకేటెడ్ సెక్టార్లు: ఇప్పటికే పనికిరాకుండా పోయి, బదులు వేరే సెక్టార్లు ఇచ్చినవి.
- 197, పెండింగ్ సెక్టార్లు: చదవలేకపోయాను, ఏం చేయాలో ఇంకా తేల్చలేదు అని డిస్క్ పక్కన పెట్టినవి.
- 198, ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్: సాధారణంగా 197తో జంటగా కదులుతుంది.
- 187, రిపోర్టెడ్ అన్‌కరెక్టబుల్: చదవలేనని కంప్యూటర్‌కు ఎన్నిసార్లు చెప్పిందో ఆ లెక్క. అన్ని కంపెనీలూ ఇవ్వవు.
- 199, సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క: ఇది తీగది. ఒకసారి ఎక్కితే మళ్లీ సున్నాకు రాదు, కాబట్టి అంకె ఎంతని కాదు, పెరుగుతోందా అని చూడాలి.

సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల ఎదురుగా కోట్లలో అంకెలు చూసి గుండెలు బాదుకోకండి. అక్కడ ఎర్రర్ల లెక్క, మొత్తం చేసిన పనుల లెక్క ఒకే సంఖ్యలో ఇరికించి ఉంటాయి. కొత్త డిస్క్‌లోనూ అలానే కనిపిస్తుంది.

ఈ అంకెలు ఎంతవరకు నమ్మొచ్చు? 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేని డిస్క్‌కన్నా 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది: పోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ఆ ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంకె కనిపిస్తే భయపడాల్సిందే, కనిపించకపోతే మాత్రం నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఎస్ఎస్‌డీల సంగతి క్లుప్తంగా: ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డ్ మీదే బిగించే రకం) అయితే 'మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్' సున్నా కాకపోయినా, 'అవైలబుల్ స్పేర్' తగ్గుతున్నా మార్చేయండి. వాటితో బేరాలు పనికిరావు, చెప్పాపెట్టకుండా ఒక్కసారే పోతాయి.

5. తప్పు తీగదైతే

ఇది ఓపికతో చేయాల్సిన పని. 199 విలువ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్ట్, పవర్ అన్నీ ఒకే రోజు మార్చేస్తే సమస్య పోవచ్చు, కానీ ఏది పాడో తెలియక పాత కేబుల్‌ను మళ్లీ సొరుగులో దాచుకుంటారు. రెండేళ్లకు అదే తీసి ఇంకో డిస్క్‌కు తగిలిస్తారు.

మొదట మెషీన్ ఆపి, కేబుల్ రెండు కొసలూ తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. సగం సమస్యలు ఉత్త లూజ్ కాంటాక్టే. లాక్ క్లిప్ లేని కేబుళ్లు డిస్కుల వణుకుకే మెల్లగా జారిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపుటూళ్లలో కాంటాక్టుల మీద పట్టే చిలుము కూడా ఇదే పని చేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కేబుళ్లను అందంగా కనిపించాలని జిప్ టై వేసి బిగించి కట్టి ఉంటే విప్పేయండి. మెలికపడ్డ తీగలో సిగ్నల్ పాడవుతుంది, పక్కపక్కన బిగించిన తీగలు ఒకదాన్నొకటి గెలుకుతాయి. సాటా కేబుల్ మీటరు మించకూడదన్నది ప్రమాణం, ఇంటి క్యాబినెట్‌లో అరమీటరు చాలు.

అయినా 199 పెరుగుతుంటే కేబుల్ మార్చండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ మీద గుత్తులుగా వేలాడే పేరులేని కేబుళ్లకన్నా, మదర్‌బోర్డ్ పెట్టెలో వచ్చినవి నయం. మార్చాక కూడా పెరిగితే డిస్క్‌ను వేరే పోర్ట్‌కు మార్చండి. ఎర్రర్ డిస్క్ వెంట వెళ్తే తప్పు డిస్క్ కనెక్టర్‌ది లేదా బోర్డుది, పాత పోర్ట్ దగ్గరే ఉండిపోతే పోర్ట్‌ది.

పవర్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే వంద వాట్ల దగ్గర, ఆ కొన్ని సెకన్లలో. ఇవన్నీ ఒకే స్ప్లిటర్ మీద వేలాడుతుంటే చివరి డిస్క్‌కు వోల్టేజ్ సరిగా అందదు. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కన్వర్టర్లలో ప్లాస్టిక్ పోతపోసిన రకం అసలు వద్దు, లోపల తీగలు దగ్గరై కాలిపోయే రకం అది.

ఇక మన ఇళ్ల ప్రత్యేక సమస్య ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగదు, లైటు ఒక్కసారి మిణుకుమంటుంది, సర్వర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక 'నార్మల్', 'యూపీఎస్' అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే మారే సమయం తగ్గుతుంది. అదీ చాలకపోతే ఇన్వర్టర్‌కూ సర్వర్‌కూ మధ్య చిన్న కంప్యూటర్ యూపీఎస్ పెట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం సర్వర్ నడపకండి.

జడ్‌ఎఫ్ఎస్ (డిస్కులను కలిపి, డేటాను తానే సరిచూసుకునే ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లకు ఒక మాట: జడ్‌పూల్ స్టేటస్‌లో 'రీడ్' కాలమ్ పెరిగితే డిస్క్ చదవలేకపోయిందని. 'సీకేసమ్' పెరిగితే డిస్క్ ఏదో ఇచ్చింది కానీ అది రాసినది కాదని. రెండోది చాలా డిస్కుల మీద కొంచెం కొంచెం కనిపిస్తే ర్యామ్‌ను అనుమానించి ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి.

6. తప్పు డిస్క్‌దైతే: ముందు బయటికి లాగండి

రెయిడ్ లేని ఒంటరి డిస్క్ అనుకుందాం. రెండు దార్లున్నాయి.

ఎర్రర్లు కొద్దిగానే ఉండి, చప్పుడు లేకపోతే, నేనైతే ముందు ఇంకెక్కడా లేని ఫోల్డర్లను లాగుతాను. పిల్లల ఫొటోలు, స్కాన్ చేసిన ఇంటి దస్తావేజులు, అమ్మానాన్నల పాత వీడియోలు. సినిమాలు మళ్లీ దొరుకుతాయి, అవి చివర. డిస్క్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేయండి. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) అయితే 'ఆర్‌ఓ'తో పాటు 'నోలోడ్' కూడా ఇవ్వండి, లేకపోతే జర్నల్‌లో మిగిలిపోయిన రాతలను డిస్క్ మీద పూర్తిచేయబోతుంది. ఆర్‌సింక్‌తో కాపీ చేయండి, చదవలేని ఫైలు దగ్గర ఆగిపోకుండా ముందుకెళ్లి చివర్లో జాబితా చెబుతుంది.

ఎర్రర్లు నిమిషనిమిషానికీ పెరుగుతుంటే ఫైళ్ల వెంట పడకండి. హెడ్ అటూ ఇటూ పరుగెత్తేకొద్దీ డిస్క్ ఇంకా నలుగుతుంది. గ్నూ డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని వరుసగా ఇంకో డిస్క్‌లోకి తీసేయండి. డెబియన్‌లో ప్యాకేజీ పేరు 'జీడీడీరెస్క్యూ'. కొత్త డిస్క్ పాతదానంతైనా ఉండాలి, కాస్త పెద్దదైతే మంచిది.

ఇది రెండు విడతల పని. మొదటి విడత '-ఎన్'తో: సులువుగా వచ్చేదంతా తీసుకుని, మొరాయించే చోట్లను తవ్వకుండా దాటేస్తుంది. రెండో విడత '-డి -ఆర్3'తో: వదిలేసిన చోట్లకు మాత్రమే తిరిగొచ్చి మూడుసార్లు ప్రయత్నిస్తుంది. రెండింటికీ ఒకే మ్యాప్‌ఫైల్ ఇవ్వడం మర్చిపోకండి. ఎంతవరకు వచ్చాం, ఏది మిగిలింది అన్న లెక్క అందులో ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలవుతుంది. మ్యాప్‌ఫైల్ మూడో చోట, పెన్‌డ్రైవ్‌లో, ఉండాలి.

సోర్స్ ముందు, టార్గెట్ తర్వాత. ఎంటర్ కొట్టే ముందు రెండు సీరియల్ నంబర్లూ బయటికి చదవండి, వీలైతే ఇంట్లో ఇంకొకరికి వినిపించండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది.

బాగున్న 4 టీబీ డిస్క్ సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివితే ఏడున్నర గంటలు. పాడైనది రెండు రోజులు తీసుకోవచ్చు. మే నెలలో అటక మీద ఈ పని పెట్టుకోకండి. డిస్క్‌ను కిందికి దింపి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి, 194 నంబర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. ఎఫ్‌ఎస్‌సీకే నడపాలనుకుంటే ఇప్పుడు, కాపీ మీద నడపండి. వీలైతే ఆ కాపీకి కాపీ మీద.

7. ఏ ఫైలు పోయిందో తెలుసుకోవడం

డేటా బయటపడ్డాక, ఒకటో రెండో పెండింగ్ సెక్టార్లే ఉంటే, అవి ఏ ఫైలులో ఉన్నాయో చూడొచ్చు. పార్టిషన్ మీద నేరుగా ఈఎక్స్‌టీ4 ఉంటేనే ఈ లెక్క. మధ్యలో రెయిడ్, ఎల్‌వీఎం (డిస్కుల చోటును కలిపి పంచే పొర) ఉంటే ఇంత సూటిగా కుదరదు.

లాగ్‌లో సెక్టార్ 1234567 అనుకుందాం, పార్టిషన్ మొదలు 2048. తీసేస్తే 1232519. కెర్నెల్ సెక్టార్ లెక్క 512 బైట్లది, ఈఎక్స్‌టీ4 బ్లాక్ సాధారణంగా 4096 బైట్లది, కాబట్టి 8తో భాగించండి: 154064.875. దశాంశం వదిలేస్తే బ్లాక్ 154064. డీబగ్‌ఎఫ్ఎస్ తెరిచి 'ఐచెక్ 154064' అంటే ఐనోడ్ నంబర్ (ఫైలుకు ఫైల్ సిస్టమ్ ఇచ్చుకున్న గుర్తు) చెబుతుంది, ఆ నంబర్‌తో 'ఎన్‌చెక్' అంటే ఫైలు పేరు చెబుతుంది. ఏ ఫైలూ లేదంటే ఆ చోటు ఖాళీది, ఊపిరి పీల్చుకోండి.

పెండింగ్ సెక్టార్ ఎందుకు అలా వేలాడుతూ ఉంటుందంటే, పాత డేటా మీకు కావాలేమోనని డిస్క్ దాన్ని తనంతట తాను చెరపదు. దాని మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడే తేలుస్తుంది. రాత నిలబడితే 197 తగ్గుతుంది, 5 పెరగదు. అంటే కరెంటు పోయినప్పుడు సగం పడిన రాత లాంటిదేదో జరిగింది, పూత బాగానే ఉంది. నిలబడకపోతే వేరే సెక్టార్ ఇచ్చి 5ను పెంచుతుంది. హెచ్‌డీపార్మ్‌తో చేత్తో రాయొచ్చు గానీ, అది 'ఎస్ ఐ నో వాట్ ఐ యామ్ డూయింగ్' అనే ఆప్షన్‌ను అక్షరాలా టైప్ చేస్తే తప్ప కదలదు. అది రాసినవాళ్లకు మన సంగతి బాగా తెలుసు. 4కే డిస్క్ అయితే ఆ భౌతిక సెక్టార్‌లోని ఎనిమిది ముక్కలూ రాయాలి. నేనైతే ఈ కుస్తీ పట్టను. డేటా తీసేశాక డిస్క్ మొత్తం సున్నాలతో నింపి, తర్వాత పొడవు టెస్ట్ (9లో చెప్పాను) నడుపుతాను.

8. రెయిడ్ ఉంటే

ఎండీ రెయిడ్ (లినక్స్ సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్), జడ్‌ఎఫ్ఎస్ రెండూ చదవలేని చోటును మిగతా డిస్కుల నుంచి కట్టుకుని అక్కడే తిరిగి రాస్తాయి, డిస్క్ తేల్చుకుంటుంది. మీకు తెలియను కూడా తెలియదు. ఇది సవ్యంగా నడవాలంటే డిస్క్ త్వరగా 'నావల్ల కాదు' అనాలి. నాస్ (స్టోరేజ్ సర్వర్) కోసం చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో అంటాయి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు నిమిషానికి పైగా పట్టు వదలవు. లినక్స్ కెర్నెల్ ఓపిక 30 సెకన్లు. ఆలోగా జవాబు రాకపోతే లింక్ రీసెట్ చేస్తుంది, అప్పటికీ డిస్క్ పలక్కపోతే రాత కూడా విఫలమై, ఒక్క సెక్టార్ కోసం డిస్క్ మొత్తాన్నే రెయిడ్ బయటికి నెట్టేస్తుంది.

'స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ' అని అడిగి చూడండి. డిస్క్ ఒప్పుకుంటే చదవడానికి 70, రాయడానికి 70 పెట్టండి, అంటే 7 సెకన్లు. కరెంటు తీస్తే చాలా డిస్కులు మర్చిపోతాయి కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో ఉంచాలి. ఒప్పుకోకపోతే సిస్ కింద ఆ డిస్క్ టైమౌట్ ఫైలులో 30 బదులు 180 రాయండి.

పాడవుతున్న డిస్క్‌ను మార్చేటప్పుడు, స్లాట్ ఖాళీ ఉంటే, ముందు లాగేయకండి. కొత్తదాన్ని పక్కన తగిలించి ఎండీఏడీఎంలో '--రీప్లేస్', జడ్‌ఎఫ్ఎస్‌లో 'జడ్‌పూల్ రీప్లేస్' వాడండి. పాతది చదవగలిగినంత ఇస్తుంది, చదవలేనిది మిగతావి ఇస్తాయి. లాగేసి రీబిల్డ్ పెడితే మిగిలిన ప్రతి డిస్కూ ఒక్క తప్పు లేకుండా చదవాలి. చాలా డిస్కుల స్పెక్‌లో 10 టు ది పవర్ 14 బిట్లకు ఒక చదవలేని తప్పు దాకా ఉండొచ్చని రాసి ఉంటుంది. అది 12.5 టీబీ. నిజంలో డిస్కులు ఇంతకన్నా బాగానే చేస్తాయి, అయినా పెద్ద డిస్కుల రెయిడ్ 5 మీద నాకు ప్రేమ లేదు.

కొత్త డిస్క్ సీఎంఆర్‌దే (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) తీసుకోండి. ఎస్ఎంఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి వచ్చే రకం) రీబిల్డ్‌లో నత్తనడక నడుస్తాయి, కొన్నిసార్లు టైమౌట్ అయి అవే ఎర్రర్ల డిస్కుల్లా కనిపిస్తాయి. నాస్ అని పేరున్నంత మాత్రాన నమ్మడానికి లేదు. వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీల దాకా కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడింది. పెట్టె మీది పేరు కాదు, మోడల్ నంబర్ వెతికి కొనండి.

9. ఉంచాలా, తీసేయాలా

పొడవు టెస్ట్ నడపండి: 'స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్'. పెద్ద డిస్క్‌కు రాత్రంతా పడుతుంది. 'రీడ్ ఫెయిల్యూర్' అని వస్తే, వారంటీ ఉంటే, ఆ ఫలితం దాచుకుని క్లెయిమ్ చేయండి. పంపే ముందు డిస్క్‌ను చెరిపేయండి, మీ ఆధార్ స్కాన్లు అందులో ఉన్నాయి.

నా కొలబద్ద ఇది. 5లో రెండు మూడు ఉండి, నెలల తరబడి కదలకపోతే ఉంచుతాను, రెయిడ్‌లోనో రెండో బ్యాకప్‌కో. వారంలో రెండుసార్లు పెరిగితే తీసేస్తాను, అంకె ఎంత చిన్నదైనా. సున్నాలతో నింపాక కూడా 197 మళ్లీ తిరిగొస్తే ఇక చర్చ లేదు. 199 ఒక్కటే ఉంటే డిస్క్‌ను ఏమీ అననవసరం లేదు.

తర్వాత స్మార్ట్‌డీని (స్మార్ట్ అంకెలను ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్) అమర్చండి: వారానికోసారి చిన్న టెస్ట్, నెలకోసారి పొడవుది, తేడా వస్తే మెయిల్. మెయిల్ నిజంగా వస్తుందో లేదో '-ఎం టెస్ట్' (పెద్ద అక్షరం M) పెట్టి చూడండి, నాది ఏడాదిపాటు స్పామ్‌లోకి వెళ్లింది. రెయిడ్ స్క్రబ్ (డిస్కులన్నీ మొత్తం చదివి సరిచూడడం) నెలకోసారి చాలు, డెబియన్‌లో ఎండీ తనిఖీ నెల మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది. స్క్రబ్, పొడవు టెస్ట్ ఒకే రాత్రి పడకుండా చూసుకోండి.

నా క్యాబినెట్ తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంది. డిస్క్ సీరియల్, కొన్న తేదీ, 5, 197, 199 విలువలు, మూడు నెలలకోసారి పెన్నుతో. మొదటి వరుస నేను పోయిందనుకుని పక్కన పెట్టిన ఆ పాత డిస్క్‌ది. 199 దగ్గర 47 అని ఉంది. కేబుల్ మార్చినప్పటి నుంచి ఆ వరుసంతా 47, 47, 47.